ఖాజా మేస్త్రి ‘ఫినిష్’

ప్రొద్దుటూరులో గోడలు కట్టే ఖాజా మేస్త్రి మాటల్లో పిసినారి. సాయంత్రం ఐదుకు సున్నం తిన్న వేళ్లతో తాపీ కడిగి, కువైట్‌లో నేర్చుకున్న మాట ఒకటి అంటాడు: "ఫినిష్." అంతకుముందు చస్తే అనడు. మొన్న మధ్యాన్నం మాలు మోసే సంజీవమ్మకు ఎండకు కండ్లు తిరిగినాయి. ఇంటికి పోతే సగం కూలేనని మళ్లా తట్ట ఎత్తింది, మొండిది. ఖాజా తాపీ కడిగేసినాడు. "ఫినిష్."

"ఏంది మేస్త్రీ, పొద్దు నెత్తిన ఉండంగానే?" అన్నాడు ఇల్లు కట్టిస్తున్న ఇంటాయన.

"ఆడ కువైట్‌లో నేను ఎండకు పడిపోతే మా ఫోర్‌మన్ ఇట్లనే పని ఆపి, అందరికీ నిండు దినం కూలి రాసినాడప్పా. నువ్వూ రాయి. మిగిలిన గోడ రేపు లేపుతా."

ఇంటాయన గొణుక్కుంటా ఒప్పుకున్నాడు. సంజీవమ్మ దండాలు పెట్టే రకం కాదు. మర్నాడు ఖాజా వచ్చేతలికి గోడకు నీళ్లు కొట్టి, ఇసక జల్లించి, మాలు కలిపి పెట్టింది. "ఏం మామా, నీకు ఇప్పుడు తెల్లారిందా?" అనింది.