సారు పెట్టని సంతకం

పోయిన మంగళవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతుంటే ఫోన్ మోగింది. బోధన్ నుంచి సారు భార్య. మేమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం. "సారు పోయిండు బిడ్డా" అన్నది. చెప్పులేసుకుని బయటపడ్డాను. నిజామాబాద్‌లో మా కంఠేశ్వర్ నుంచి బస్టాండు దాకా ఆటోలో ఒకటే గుబులు: తన దేహాన్ని చివరికి ఏం చేయమని చెప్పి పోయారో?

మా సైన్సు సారుకు రక్తంలో క్యాన్సర్ అని రెండేండ్ల కింద హైదరాబాదులో చెప్పారు. ఆ నెలలోనే ఆయన నిజామాబాద్ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక చదివారు. ప్రాణం పోగానే మనిషిని గడ్డకట్టించి, పెద్ద సిలిండర్లో దాచిపెడతారట. రోగానికి మందు దొరికిన కాలంలో మళ్లీ లేపవచ్చని ఆశ. ఇప్పటిదాకా ఎవరినీ లేపింది లేదు. పరదేశంలో ఆ పని చేసే సంస్థకు సారు ఉత్తరం రాశారు. ఫారాలు వచ్చాయి.

ఆయన గుడ్డిగా నమ్మే మనిషి కాదు. మాకు పాఠం చెప్పేటప్పుడు కూడా "నా మాట నమ్మకుండ్రి, చేసి చూడుండ్రి" అనేవారు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి వంటింట్లో పళ్లెం ముందు కూచుని ఉన్నారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన టమాట కరిగి, తోలు ముడుచుకుని, నీళ్లు కారుతోంది.

"చూసినవా? నీళ్లు మంచుగ మారితే కణాలను చీల్చేస్తయి. మీకు నేను చెప్పిన పాఠమే" అన్నారు. పళ్లెం పక్కకు జరిపి, "కానీ ఇయ్యాల చేతకానిది ఎన్నటికీ చేతకాదని ఎట్లంటం?" అన్నారు.

ఆ ఆశ వెనుక ఏముందో నాకు తెలుసు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. గుండెలో రంధ్రంతో పుట్టి, ఏడో ఏట పోయింది. అప్పట్లో ఏమీ చేయలేమన్నారు డాక్టర్లు. పదేండ్ల తర్వాత అదే గల్లీలో ఇంకో పిల్లకు అదే జబ్బు బయటపడితే ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఆ పిల్ల వీధిలో తాడాట ఆడుతుంటే సారు గేటు పట్టుకుని చూసేవారు. "నా బిడ్డ పదేండ్లు ముందుగ పుట్టింది. అంతే" అన్నారొకసారి.

భయాలూ తక్కువేం కాదు. ప్రాణం పోయిన నిమిషాల్లోనే పని మొదలుపెట్టాలి. అంటే ముందే ఆ దేశం పోయి, ఎవరూ తెలియని ఊళ్లో చావాలి. ఒకవేళ లేచినా, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరుండరు. "లేసినంక ఎవరితోని తెలుగు మాట్లాడాలె?" అని నవ్వబోయి నవ్వలేకపోయారు.

అమ్మ అన్నీ వింటూ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి అడిగింది.

"మీరు గా మంచుల ఉంటే, ఉన్నట్టా, పోయినట్టా? నేను బొట్టు పెట్టుకోవాల్నా, తీసెయ్యాల్నా?"

నలభై ఏండ్లు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషి ఆ రోజు కిటికీ వైపు తిరిగిపోయారు. తర్వాత నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదని అమ్మ చెప్పింది.

పోయిన దసరా సెలవుల్లో నన్ను పిలిపించారు. ఫారాలన్నీ నింపి ఉన్నాయి. సారు సంతకం ఒక్కటే లేదు. "ముందు నువ్వు సాక్షి సంతకం పెట్టు బిడ్డా. నీది చూస్తే నాకు ధైర్యమొస్తది" అన్నారు.

కాగితాలు ఆయన వైపు జరిపాను. "నేను పెట్టను సార్" అన్నాను.

"సైన్సుతోని అంటున్నవా, భయంతోనా?"

"భయంతోనే సార్."

ఆయనకు కోపం రాలేదు. "నాదీ గదే. చచ్చుడు భయంతోని నింపిన, లేసుడు భయంతోని ఆగిన" అని కలం మూత పెట్టారు. కాగితాలను బీరువాలో పెట్టమని అమ్మకు ఇచ్చారు.

బోధన్ చేరేసరికి వాకిట్లో జనం. చివరి మాట ఏమిటని అమ్మను అడిగాను. నెల కిందనే "కాలబెట్టుండ్రి, మంజీరల కలుపుండ్రి" అని చెప్పారట. నా గుండె బరువు దిగింది. కానీ ఆమె ఇంకోటి కూడా చెప్పింది. పోయేముందు సాయంత్రం కళ్లు తెరిచి, "కాగితాలు ఉన్నయా?" అని అడిగారట. ఉన్నయని అంటే బీరువా వైపు చాలాసేపు చూశారట.

ఆ చూపు వీడ్కోలో, పశ్చాత్తాపమో నాకు తెలియదు. నేను సంతకం పెట్టి ఉంటే ఆయన కూడా పెట్టేవారా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒప్పు చేశానని ఒక పూట, ఆయన చివరి ఆశను నా పిరికితనం ఆపేసిందని ఒక పూట అనిపిస్తోంది. నాకు ప్రశ్నించడం నేర్పింది ఆయనే. ఈ ప్రశ్న కూడా ఆయన ఇచ్చిపోయిందే అనుకుని మోస్తున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి, అంటే సారు పేరున కాకులకు అన్నం పెట్టడానికి, మంజీర ఒడ్డుకు వెళ్లాం. ఇస్తరాకులో అన్నం పెట్టి అందరూ వెనక్కి జరిగారు. అమ్మ మాత్రం సారును కాల్చిన చోట గొంతుక్కూచుని, బూడిద మీద అరచేయి ఆనించింది. ఎవరో లెమ్మన్నా లేవలేదు.

"ఇంకా వెచ్చగనే ఉన్నది" అన్నది.