మిద్దె కింద పురుడు

తొంభైల చివర్లో నాయన విరుదునగర్లో మిద్దె కట్టాడు. నాగలాపురంలో తాటాకు ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి కాంక్రీటు కప్పంటే తగని మోజు. వచ్చినవాళ్లందరినీ నిలబెట్టి మరీ పైకప్పు చూపించేవాడు, అక్కడేదో బొమ్మ గీసి ఉన్నట్టు. నడి ఎండాకాలంలో, తొలి కాన్పయి, ఆసుపత్రి నుంచి బిడ్డతో ఆ కప్పు కిందికే వచ్చాను.

మావాళ్లలో పురిటి గదికి గాలి పనికిరాదు. అమ్మ కిటికీలు మూసి, సందుల్లో పాత చీరలు కుక్కి, ఫ్యాను స్విచ్చి మీద ప్లాస్టరు అంటించింది. బిడ్డ తలకు టోపీ, ఒంటికి రెండు చుట్లు గుడ్డ. గాలి తగిలితే బిడ్డకు మూర్ఛ వస్తుందట. నాకూ భయమే, అందుకే నోరెత్తలేదు.

ఒక సాయంత్రం వాడు పాలు తాగడం మానేశాడు. రొమ్ము అందిస్తే పెదాలు కదపడు. ఏడవనైనా ఏడవడు. ఒళ్లు కాలిపోతోంది.

"జొరం గాదే, పురిటి సూడు. ఇంగో గుడ్డ సుట్టు," అని అమ్మ, ఆ సూడును మామూలు పురిటి వేడిగా కొట్టిపారేసి, కషాయం కాయడానికి వంటింట్లోకి పోయింది.

నేను ప్లాస్టరు పీకి ఫ్యాను వేశాను. పొయ్యి దగ్గర ఊదినట్టు వేడిగాలి దిగింది. బిడ్డ ముఖం ఇంకా ఎర్రబడింది. గబగబా ఆపేసి వాడి మీదికి వంగాను. గాలి ఆగినా నా వీపు మండుతూనే ఉంది. పగలంతా తాగిన ఎండను కప్పు ఇప్పుడు మా మీదికి దించుతోంది. నా నీడలో ఉన్న వాడి చెంప మాత్రం కొంచెం చల్లబడింది. చచ్చేంత భయం వేసింది. అలా ఎంతసేపని అడ్డం ఉండగలను? వాణ్ణి ఎత్తుకుని లేచాను.

అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పొద్దుగూకేయాళ పచ్చి బిడ్డను బయటికి తీస్కపోతావా? గాలి కొడితే ఏం జేస్తావే?"

"గాలి గాదుమా, కప్పు. నువ్వొకతూరి నా తావులో పండుకో."

నా నోరు మూయించడానికే అనుకుంటా, పడుకుంది. కాసేపటికి చేత్తో ముఖం తడుముకుని పైకి చూసింది. లేచి, బిడ్డ టోపీ తీసి, గుడ్డలు విప్పి, కొంగు కప్పి తనే ఎత్తుకుని బయటికి నడిచింది.

వాకిట్లో తాటాకు పందిరి కింద నేల అప్పటికే చల్లబడింది. తడిగుడ్డతో వాడి ఒళ్లు తుడిచాం. పెదాలు కదలడానికి చాలాసేపు పట్టింది. నోరు తెరిచి రొమ్ము పట్టుకోగానే నేను బావురుమన్నాను.

అమ్మ ఏడవలేదు. నేల మీద కూర్చుని ఎటో చూస్తూ అంది. "నీకు ముందర ఒక మగబిడ్డ పుట్న్యాడు. వాడూ ఇట్లనే పాలు మానేసినాడు, ఒళ్లంతా సూడు. గాలి కొట్టిందని తలుపు మూసి, పక్కన కుంపటి బెట్టినాం."

నాకు ముందు ఒకడున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు. బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకోబోయాను. నా ఒంటి వేడి తగులుతుందేమోనని భయం వేసి, చేతులు వదులు చేశాను.