చెప్పులు లోపల పెట్టమన్న గొంతు

దయ్యాలూ గాలులూ ఉంటాయని నేనెన్నడూ నమ్మలేదు. ఆళ్లగడ్డలో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెబుతాను. అందుకే ఇది రాయడానికి చాలాకాలం జంకాను.

నాకు పదిహేడేళ్లప్పుడు, నడి ఎండాకాలం. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తుంటే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు. "చెప్పులు లోపల పెట్టు పాపా, వానొస్తాంది." తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఆ నెలలో ఆరేడుసార్లు అదే గొంతు, అదే మాట. తర్వాత దానంతటదే ఆగిపోయింది. పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు.

చెల్లెలు శైలజ నాకంటే పన్నెండేళ్లు చిన్నది. నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రెండేళ్ల కిందట వార్డెన్ ఫోన్ చేస్తే పరుగున వెళ్లాను. చెవుల్లో దూది కుక్కుకుని మంచం మీద ముడుచుకుని ఉంది. గదిలో నలుగురి చెప్పులూ దాని ఒళ్లో ఉన్నాయి.

"ఏందే ఇది?"

"ఒకామె అరుస్తాందక్కా. చెప్పులు లోపల పెట్టు, వానొస్తాంది అని. పొద్దంతా అదే."

అదే మాట.

అమ్మా నేనూ దాన్ని డాక్టరుకు చూపించాం. "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్ల వినపడిందామ్మా?" అని ఆయన నన్నడిగాడు. పక్కన అమ్మ ఉంది. లేదన్నాను.

ఆ అబద్ధం వారం రోజులు నన్ను తినేసింది. ఒక్కదాన్నే మళ్లీ వెళ్లి నిజం చెప్పాను.

"ఆ వయసులో చానామందికి ఒకటీ అరా వినపడతాదమ్మా. కొందరికి పోతాది, కొందరికి ముదిరి జబ్బయితాది. రెండూ ఒకటే దారిలో ముందూ వెనకానో, అసలు వేరేవేరేనో మాకే ఇంకా తేలలేదు."

మరి మాట ఒకటే ఎలా అయిందని అడిగాను. అప్పట్లో నిద్రలో కలవరించి ఉంటావేమో అన్నాడు. కలవరించానేమో. పక్కలో పడుకున్న ఐదేళ్ల పిల్ల మనసులో అది ఉండిపోయిందేమో. అలాగే నమ్మాలని ఉంది. నమ్మకం కుదరడం లేదు.

శైలజ మందులు వాడుతోంది. గొంతు తగ్గింది, పోలేదు. ఒక ఏడాది పోగొట్టుకుని మళ్లీ కాలేజీకి వెళ్తోంది.

పోయిన నెల ధైర్యం చేసి దానికీ చెప్పాను. ఇన్నాళ్లు దాచినందుకు కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నిన్ను ఊరికే ఇడిసిపెట్టి పోయిందా? మరి నన్నెందుకు పట్టుకునిందక్కా?"

తెలియదన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర ఇప్పటికీ లేదు.