ఓడినవాళ్ళ చాప

నకరికల్లు అడ్డరోడ్డు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా కారంపూడి నుంచి నరసరావుపేట పోయే బస్సు ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. వెనక టైరు పోయింది. డ్రైవరు దిగి, ఆ టైరు కావాలని తనని అవమానించినట్టు దాన్నొక తన్ను తన్ని, సిగరెట్టు ముట్టించాడు. "ఎనక బస్సొస్తంది, అందులో ఎక్కండి" అని చెప్పేసి కండక్టరు ఫోను చూసుకుంటూ నీడకి పోయాడు. ఎక్కిన ప్రయాణికుడు దిగినా, దిగినవాడు ఎక్కినా తనకి సంబంధం లేదన్న ఆ నిశ్చింత సన్యాసుల్లో కూడా అరుదు.

యల్లమంద తన సామాను దింపుకొని రోడ్డు వారన నిలబడ్డాడు. గోనెసంచిలో జల్లిగరిటెలు, చేతిలో నిలువెత్తు తెడ్డు. అరవై రెండేళ్ళ వంట మేస్త్రి. ఐదువందల మందికి తక్కువైతే దాన్ని వంట అనడు, "పొయ్యి ముట్టించటం" అంటాడు. ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకి, మూడోరోజు మందపోరు నాడు, చాపకూడు వండేవాళ్ళలో అతనొకడు. చాపలు పరిచి, వాటి మీద అన్నం కుప్పలుగా పోసి, నీదేం కులం నాదేం కులం అనుకోకుండా అందరూ ఒకేచోట కూర్చుని తినే కూడు అది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆ మనుషులే ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుంటారు. ఆ సంగతి యల్లమందకి తెలియక కాదు. ఒక్కరోజైనా కూర్చుంటున్నారు కదా అని అతని లెక్క.

ఇంత వండిన మనిషికి ఒకటే కొరత. నలభై ఐదేళ్ళలో ఏనాడూ సొంతమనుకునే కప్పు కింద వండలేదు. కల్యాణమండపాల వెనక, మురిక్కాలవ గట్టున, టార్పాలిన్ పట్టా కింద వండాడు. పొగకి కుడికన్ను మసకబారింది. ఇంకో రెండేళ్ళు కట్టెల పొయ్యి దగ్గర నిలబడితే ఆ కన్ను పూర్తిగా పోతుందని పేటలో డాక్టరు చెప్పాడు. పొయ్యి మానేస్తే ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

బస్సు దాటి పోయిన తెల్లకారొకటి ఆగి, వెనక్కి వచ్చింది. అద్దం దిగింది.

"యల్లమందవే కదయ్యా నువ్వు? మా అమ్మాయి సింధూజ పెళ్ళికి వండావు. ఆ గుత్తివంకాయ మాట మా ఇంట్లో ఇంకా పోలేదు."

నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసే పాండురంగారావు. తాతలనాటి కొట్టు, తండ్రినాటి జిన్నింగ్ మిల్లు, తన హయాములో వాటర్ పార్కు.

"వంకాయలు లేతవి, శెట్టిగారూ. అందులో నాదేముంది."

"ఎక్కు. నీ గురించే అనుకుంటన్నాం మూణ్ణెల్లుగా."

తెడ్డు కారులో పట్టలేదు. సగం కిటికీ బయట పెట్టుకుని, ఎదురొచ్చే లారీలకి తగలకుండా పట్టుకుని కూర్చున్నాడు యల్లమంద. కారు నడుపుతున్న వేణుమాధవ్ పాండురంగారావు కొడుకు. ఎక్కడో మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడు. చెప్పేదంతా వెనక సీటు కనపడే అద్దంలో చూస్తూ చెప్పాడు.

పార్కు పేరు కేరింత. మొదటి ఎండాకాలం జనం విరగబడ్డారు. రెండో ఏడు, జారుడుబల్ల ఎన్నిసార్లు జారినా అదే నీళ్ళలో పడుతున్నామని కనిపెట్టారు. మూడో ఏడు స్కూలు బస్సులు తప్ప ఎవరూ రాలేదు. జనానికి విసుగు పుట్టినచోట సినిమాని తెచ్చి పెట్టడం ఈ దేశంలో సర్వరోగ నివారణి. పెళ్ళికి సెట్టింగు, బారసాలకి సెట్టింగు, చివరికి నాయకుడి సంతాపసభకీ సెట్టింగే. కాబట్టి పార్కులో రెండెకరాల్లో కొత్త భాగం లేస్తోంది. పేరు 'సినిమా పల్నాడు'.

సినిమావాళ్ళకి పల్నాడంటే ఎర్ర దుమ్ము, వేటకత్తి, గాల్లోకి లేచే నాలుగు బళ్ళు. ఇక్కడ మిరపకి తెగులొస్తుందనీ, సాగర్ కాలవలో నీళ్ళెప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదనీ, కోర్టు వాయిదాకి సద్ది కట్టుకుని పోయే మనుషులుంటారనీ ఏ కెమెరాకీ కనపడలేదు. ఆ అబద్ధాన్ని కొనుక్కొచ్చి, టిక్కెట్టు పెట్టి, ఆ ఊరివాళ్ళకే చూపిద్దామని వీళ్ళ పథకం.

"జనానికి నచ్చుద్దంటావా?" అన్నాడు పాండురంగారావు. అతనికి లోపల అనుమానం ఉంది. కొడుకు లేనప్పుడు బయటపడుతుంది, ఉన్నప్పుడు ప్రశ్నగా మారుతుంది.

"నన్నడుగుతారేంది? నేను సినిమా చూసి పదేళ్ళయింది."

"నిన్ను వంట సంగతి అడుగుతున్నాం బాబాయ్," అన్నాడు వేణుమాధవ్. "అక్కడ ఉత్తుత్తి యుద్ధం ఆడిస్తాం, అది అయ్యాక చాపకూడు. ఒరిజినల్. నువ్వే చీఫ్."

పార్కుకి పోగానే ముందు వంటశాల చూపించారు. కాంక్రీటు కప్పు. మూడు గోడలకి తెల్ల పలకలు. వరసగా గ్యాసు పొయ్యిలు. పొగని బయటికి లాగే పెద్ద ఫ్యాను. యల్లమంద ఒక కుళాయి తిప్పాడు. నీళ్ళొచ్చాయి. కట్టాడు. మళ్ళీ తిప్పాడు. వేణుమాధవ్ ఇంకేదో చెబుతూనే ఉన్నాడు గానీ, ఆ పది నిమిషాల్లో యల్లమందకి వినపడింది కుళాయి చప్పుడొక్కటే.

"తెరిచేముందు ట్రయల్ పెడుతున్నాం, ఆ రోజు బాగా జరిగితే తెల్లారే కాగితం రాసుకుందాం," అన్నాడు పాండురంగారావు. "నీకు ఓపికున్నన్నాళ్ళు ఈ వంటశాల నీదే."

ఆ మాట కోసం యల్లమంద తర్వాతి నెలరోజులు చాలా మింగాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సెట్టింగుల మనిషి ప్రవీణ్ కోట కట్టించాడు. ముందునించి చూస్తే నల్లరాయి, వెనక్కి పోతే ఫ్రిజ్జుల పెట్టెల అట్టలు, వాటిమీద 'ఈ వైపు పైకి' అన్న అక్షరాలు తలకిందులుగా. నాపరాయి లారీల కొద్దీ దొరికే జిల్లాలో రాయిని థర్మోకోల్‌తో చేయించడానికి మనిషిని పిలిపించడం గొప్పవాళ్ళకే తోచే ఆలోచన. ఒకరోజు ఫోటోల కోసమని చాప మీద అన్నం కుప్ప కూడా తయారైంది. ఒక్కో మెతుకూ థర్మోకోలే. జిగురుతో అంటించి, పైన నెయ్యి మెరుపు కొట్టారు.

"ఏంది నాయనా ఇది?"

"అసలు అన్నం కెమెరాలో డల్‌గా ఉంటది, అంకుల్."

యల్లమంద ఆ కుప్పని వేలితో నొక్కి చూసి, వంటశాలకి పోయి కుళాయి కింద చెయ్యి కడుక్కున్నాడు.

ఆట ఇది. వచ్చినవాళ్ళకి లోపలికి పోయేటప్పుడే చేతికి రంగు పట్టీ కడతారు. రెండు రంగులు, రెండు సేనలు. మెత్తటి కత్తులతో కొట్టుకుంటారు, వెనక పెద్ద తెర మీద సినిమా నడుస్తుంది, చివర్లో ఒక సేన గెలిచిందని తెర చెబుతుంది. పట్టీల రంగు కోసం పాండురంగారావు వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. ఈ జిల్లాలో ఏ పార్టీదీ కాని రంగు వెతకడం మాటలు కాదు. ఎర్రది పనికిరాదు, పసుపు వద్దు, నీలం వద్దు, ఆకుపచ్చ అసలే వద్దు. ఆఖరికి ఊదా, గోధుమ మిగిలాయి. వీటిని ఏ జెండాలోనూ ఎవరూ పెట్టలేదని ఇద్దరు రాజకీయాలు తెలిసిన మనుషుల్ని అడిగి ఖాయం చేసుకున్నాడు. అంత జాగ్రత్త పడ్డ మనిషికి ఒక్క సంగతి తట్టలేదు. పల్నాడులో టిక్కెట్టు కొనుక్కుని మరీ ఓడిపోవడానికి ఎవడొస్తాడు?

సినిమా కథ ప్రకారం గోధుమరంగు ఎప్పుడూ ఓడిపోవాలి. తెర మీద ముగింపు ఒక్కటే తీశారు మరి.

ట్రయల్ రోజు రెండు బస్సులొచ్చాయి. బెల్లంకొండ వైపు నుంచి మిల్లుకి పత్తి వేసే రైతు కుటుంబాలు ఒక బస్సు, మిల్లులో పనిచేసే ఆడవాళ్ళూ వాళ్ళ సంసారాలూ ఒక బస్సు. ముందొచ్చిన మిల్లువాళ్ళకి ఊదా కట్టారు. రైతులకి గోధుమ మిగిలింది.

యుద్ధం బాగానే జరిగింది. రైతుల్లో పెద్దమనిషి నాగేశ్వరరావు, ఊళ్ళో రెండుసార్లు సర్పంచిగా నిలబడి ఒకసారి గెలిచినవాడు, మెత్తటి కత్తితో ఏడుగురిని కొట్టానని లెక్క కూడా చెప్పాడు. అప్పుడు తెర మీద బాకాలు మోగాయి, ఊదాసేన గెలిచింది. గెలిచినవాళ్ళని పరుపులేసిన చాపల మీదికి పిలిచారు. అక్కడ పప్పు, నెయ్యి, గుత్తివంకాయ, బూరెలు. ఓడినవాళ్ళకి పక్కన ఉత్త చాప, పులిహోర.

రెండు రకాలు వండమంటే అన్నీ ఒకే చాప మీదికే అనుకున్నాడు యల్లమంద. అన్నం గంగాళంతో బయటికొచ్చి, మధ్యలో కట్టిన పట్టుతాడు చూసి ఆగిపోయాడు.

"ఎవరు చెప్పారయ్యా మేం ఓడామని?" అంటున్నాడు నాగేశ్వరరావు.

"కథ అట్లా ఉంది సార్," అన్నాడు ప్రవీణ్.

"ఎవడు రాశాడు కథ?"

నాగేశ్వరరావు తల్లి హనుమాయమ్మ ఉత్త చాపని కాలి బొటనవేలితో కదిపి చూసింది. "పొద్దున్నే లేచి, ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కింది మిల్లు కూలోళ్ళ ముందు ఓడిపోడానికా? ఇంట్లోనే కూకుంటే పోయేదిగా."

"ఆట అమ్మమ్మా, ఊరికే ఆట," అన్నాడు వేణుమాధవ్.

"ఆటయితే నువ్వు కూకో ఈ చాప మీద."

వేణుమాధవ్ కూర్చోలేదు. ఇంకోసారి యుద్ధం పెడదామన్నాడు. తెర మళ్ళీ మొదలవ్వాలంటే నలభై నిమిషాలు పడుతుందన్నాడు ప్రవీణ్. మళ్ళీ పెట్టినా గోధుమే ఓడుతుందని కూడా చెప్పాడు, అడక్కపోయినా. అన్నం చల్లారుతోంది. నాగేశ్వరరావు తన పట్టీ పీకి నేలన వేశాడు. వెంటనే నలభై పట్టీలు నేలన పడ్డాయి. ఈసారి పత్తి ఎక్కడ వెయ్యాలో మాకూ తెలుసని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆ ఒక్క మాటతో పాండురంగారావు మొహం మాడిపోయింది. పరుపుల దగ్గరికి పోయి, కూర్చున్న ఆడవాళ్ళతో మెల్లిగా అన్నాడు: "అమ్మా, మీరు మనోళ్ళే గదా. కాస్త లేచి ఆ పక్కన కూచోండి. బూరెలు అక్కడికే పంపిస్తా."

మిల్లులో గింజలు ఏరే షబీనా లేవలేదు. పక్కనున్న ఆసియా కొంగు పట్టుకుని లాగుతున్నా లేవలేదు. "గెలిచినోళ్ళని లేపుతారా, సేఠ్‌గారూ? మీ తెరే చెప్పింది మేం గెలిచామని. మిల్లులోనే లేపుతారనుకున్నా, ఇక్కడా లేపటమేనా?"

"చూశావా, ఎట్టా మాట్లాడతందో," అంది హనుమాయమ్మ.

"నువ్వు మాత్రం పరుపు మీద కన్నేసి మాట్లాడటంలా, అవ్వా?"

తాడుకి అటూ ఇటూ తొంభై మంది. యల్లమంద గంగాళం దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహమే చూశాడు. వాళ్ళలో సగం మందికైనా కార్తీకంలో తన చేత్తో పెట్టి ఉంటాడు. ఆ తాడు విప్పండి, చాపలు కలపండి అని ఒక్కరంటే ఒక్కరూ అనలేదు. అందరి కళ్ళూ పరుపుల మీదే. థర్మోకోల్ అన్నం ముందు ఒక జంట ఫోటో తీసుకుంటోంది.

పాండురంగారావు మైకు పట్టుకుని అతని దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"యల్లమందా, నీ మాటంటే అందరికీ గౌరవం. ఒక్క ముక్క చెప్పు. పాతకాలంలో కూడా చాపకూట్లో రైతుల చాప వేరు, కూలోళ్ళ చాప వేరు అని. ఆచారం అనేసరికి ఇంకెవరూ నోరెత్తరు. అందరూ సర్దుకుంటారు."

"అట్టా లేదుగా, శెట్టిగారూ."

"లేదని నీకూ నాకూ తెలుసు. వీళ్ళకెవరికి తెలుసు?"

"చాపకూడు వండేది నేను. ఏటా నా పక్కన కూచుని తినేది వీళ్ళు."

"తిన్నవాడు గుర్తు పెట్టుకుంటాడా ఏంది? చెప్పు. రేప్పొద్దున్నే కాగితం మీద సంతకం పెట్టేస్తా. కన్ను బాగుచేయించుకో, కప్పు కింద హాయిగా వండుకో. ఒక్క ముక్కేగా."

యల్లమంద మైకు తీసుకున్నాడు. జనం అతని వైపు తిరిగారు. తెర మీద మాత్రం గెలిచిన సేన గుర్రాలు మళ్ళీ మళ్ళీ అదే గుట్ట ఎక్కుతున్నాయి. కుడికంటికి అవి పొగలో పోతున్నట్టే కనపడ్డాయి. అతను మైకు నోటికి దగ్గరగా పెట్టుకోలేదు. అడిగింది పాండురంగారావునే.

"మీ తాతగారి కాడ్నించి పత్తి కొంటన్నారు గదా. తడిసిన పత్తిని పొడిదని చెప్పి మీరెన్నడన్నా అమ్మారా?"

"అదీ ఇదీ ఒకటా? అది వ్యాపారం. కొట్టు పేరు పోద్ది."

"అవును," అన్నాడు యల్లమంద.

మైకుని పరుపు మీద, షబీనా పక్కన పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అతను వంటశాలలోకి పోయాడు. రెండో గంగాళంలో అన్నం కుతకుతమంటోంది. గరిటెతో రెండు మెతుకులు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, పొయ్యి ఆపాడు.

"గంజి వార్చెయ్, ఆరోగ్యమ్మా," అన్నాడు కూరలు తరిగే మనిషితో. "ఎవరు ఎక్కడ కూచుని తింటారో వాళ్ళ ఇష్టం. ముద్ద కానివ్వబాకు."

"నువ్వు వడ్డించవా అన్నా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది. యల్లమంద తలపాగా విప్పి మొహం తుడుచుకుని, వెనక తలుపు లోంచి బయటికి నడిచాడు. బయట గొడవ మళ్ళీ రాజుకుంది. ఈసారి ప్రవీణ్ మైకులో అందరికీ పరుపులు తెప్పిస్తామంటున్నాడు, అయినా ఎవరి పరుపు ముందు వరసలో వెయ్యాలని ఇంకెవరో అడుగుతున్నారు. పాండురంగారావు వంటశాల చుట్టూ తిరిగి వచ్చేసరికి యల్లమంద అట్టల కోట వెనక నుంచి గేటు వైపు పోతున్నాడు.

"యల్లమందా, ఏందయ్యా ఇది? ఆగు. మాట్లాడుకుందాం. పోనీ ఆ ముక్క అనొద్దులే, ఊరికే నిలబడు చాలు."

గేటు దగ్గర గార్డు, అతన్నీ ఆటకొచ్చినవాడే అనుకుని, చేతి పట్టీ ఇచ్చిపొమ్మని చెయ్యి చాపాడు. యల్లమంద అతని పక్కనుంచి, వెనక్కి తిరగకుండా, రోడ్డు మీదికి దిగి కారంపూడి బస్సులు పోయే వైపు నడిచి వెళ్ళిపోయాడు.