గోలెంల చేపపిల్లలు

నా చిన్నప్పుడు మృగశిర కార్తె దగ్గరకొస్తుందంటే తార్నాకల పిల్లలందరికీ సెలవులు అయిపోతున్నయన్న బాధ ఉండేది. నాకు ఆ బాధ తెల్వదు, అంతకన్న పెద్ద భయం ఉండేది. నాకు ఆయాసం. మబ్బు పట్టిందంటే చాలు, ఎదల పిల్లికూనలు అరిచినట్టు చప్పుడు. పండుకుంటే ఊపిరి ఆడకపోయేది, గోడకు ఆనుకొని కూసునేదాన్ని. మా అమ్మ వీపు రాసుకుంట నాతోనే కూసునేది.

ఆ ఏడు నాకు చేప మందు ఇప్పియ్యాలని ఇంట్ల అందరూ ఒక్క మాట మీదికొచ్చిన్రు. కార్తె దినం చిన్న చేపపిల్ల నోట్ల మందు పెట్టి, అది బతికుండంగనే ఆయాసమున్నోళ్ల గొంతుల ఏస్తరు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి లైన్ల నిలబడతరు. ఇప్పటికీ మా పట్నంల ఆ అలవాటు ఉన్నది. మింగినోళ్లు ఎంత సులువని చెప్పినా, బతికున్న చేప నా లోపల ఈదుకుంట పోతదన్న ఆలోచనకే నాకు సగం ఊపిరి ఆగేది. మింగనంటే మింగనని ఇల్లు పీకి పందిరేసిన. నా మాట ఎవరింటరు?

మా నాయనమ్మ ఊరి నుంచి వస్త వస్త సత్తు బిందెల కొర్రమట్ట పిల్లలను పట్టుకొచ్చింది. ఆ దినం గాడ అమ్మే చేపలు ఎట్లుంటయో ఏమో, మన చెరువు చేపైతే నమ్మకం అని ఆమె లెక్క. ఒక్కొక్కటి అగ్గిపుల్లంత ఉండె. మింగేది ఒక్కటే గద, ఇన్నెందుకంటే, సచ్చేటివి సావంగ ఒకటన్న మిగలాలె గద అన్నది. మా వాకిట్ల నా నడుమంత ఎత్తు సిమెంటు గోలెం ఉండేది, వాడుకునే నీళ్లు పట్టి పెట్టుకునేది. దాన్ని ఖాళీ చేసి కడిగి, కొత్త నీళ్లు పోసి చేపలను ఇడిసిన్రు.

మా బాపు యూనివర్సిటీ లైబ్రరీల పుస్తకాలు సర్దే పని చేసేటోడు. చేపలకు ఎండ తగుల్తదని ఆ సాయంత్రమే క్యాంపస్‌ల ఉన్న తామర కుంట నుంచి గంపెడు నాచు తెచ్చి గోలెంల ఏసిండు. పాపం, నా కోసమే తెచ్చిండు. చేపలు దాని కింద దాసుకుంటుంటే చూసి ఖుషీ అయిండు.

మింగనని లొల్లి చేసిన దాన్ని, దినమంత ఆ గోలెం కాడనే ఉండేదాన్ని. కొర్రమట్టకు నీళ్లల్ల ఉన్న గాలి సరిపోదంట. జరసేపటికోసారి పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగి మళ్ల కిందికి పోతుండె. అచ్చం నా లెక్కనే. నాకు అది చూసి ఎంత దగ్గరితనం అనిపించిందో చెప్పలేను. నన్ను బాగు చేయనీకి వచ్చినవాటికి కూడ ఊపిరి తిప్పలేనా అనుకున్న. ఇష్టమో భయమో నాకే తెలిసేది కాదు.

మా పక్క పోర్షన్ల ఒక అక్క కిరాయికి ఉండేది. అంతకు ముందు అడిక్‌మెట్‌ల చదువుకునే పిల్లలతోని ఒక రూముల ఉండి, ఆ లొల్లి పడక మా గల్లీకి వచ్చింది. యూనివర్సిటీల పురుగుల మీద చదువు చదివేది. పురుగులను చదువుడేందో మా నాయనమ్మకు ఎన్నటికీ సమజ్ కాలే. ఆ అక్కకు నేనంటే పానం. సెలవులల్ల నన్ను క్యాంపస్‌కు తోలుకపోయేది. తామర కుంట గట్టు మీద కూసుండి, నా ఊపిరి సల్లబడేదాక కూసోబెట్టి, తూనీగలను చూపించేది.

తూనీగలంటే నాకు అమాయకపు జీవులు. గాజు రెక్కలు, పుల్లంత ఒళ్లు, వాన చుక్క తాగి బతుకుతయనుకునేదాన్ని. మా గల్లీ పోరగాళ్లు వాటి తోకకు దారం కట్టి ఎగరేస్తుంటే కొట్లాడి ఇడిపించేదాన్ని. ఆ సంగతి చెప్తే అక్క నవ్వి, నువ్వు ఆవు అనుకుంటున్నది పులి అన్నది. చూడమని ఒకదాన్ని చూపించింది. అది తుంగ కొస మీద కూసోని ఉన్నది. ఉన్నట్టుండి లేసింది, గాలిల ఒక మలుపు తిరిగింది, మళ్ల అదే కొస మీద వాలి ఏదో నములుతున్నది. దోమనంట. ఆరు కాళ్లు గంప లెక్క పెట్టి ఎగురుతున్నదాన్ని అట్లనే పట్టేస్తదంట. దోమ ఎనకాల ఉరకదంట, అది ఏడికి పోతదో ముందే చూసుకొని ఆడికే పోతదంట. గురి పెడితే తప్పిపోవుడు చాన తక్కువ అని చెప్పింది. నేను నమ్మలే. నమ్మకుండనూ ఉండలేకపోయిన, కండ్ల ముందరనే నములుతుండె. దారం కట్టినోళ్ల దిక్కు ఉండాల్నా, దోమ దిక్కు ఉండాల్నా, తూనీగ దిక్కు ఉండాల్నా అని ఇంటికొచ్చేదాక పరేషాన్ అయిన.

ఇగ గోలెంల చేపలు తగ్గుడు మొదలైంది. పొద్దున చూస్తే ఒకటి తక్కువ. సచ్చి తేలింది లేదు, బయట పడ్డది లేదు. మా నాయనమ్మ ముందుగాల పిల్లిని తిట్టింది. తర్వాత కాకిని తిట్టింది. ఇనుప జాలి తెచ్చి గోలెం మీద కప్పి, దాని మీద రోకలి అడ్డం పెట్టింది. మరునాడు ఇంకోటి లేదు. జాలి కదల్లేదు, రోకలి కదల్లేదు. అప్పుడు ఆమె నా దిక్కు చూసుకుంట, ఇంటి దొంగను ఈశ్వరుడు కూడ పట్టలేడు అన్నది. ఎవరినీ పేరు పెట్టి అనలే. అనాల్సిన పని కూడ లేకుండె. మింగనని ఏడ్సింది నేను, దినమంత గోలెం కాడ నిలబడ్డది నేను.

కార్తె ఇంకొక దినం ఉందనంగ పొద్దున చూస్తే గోలెంల నాచు తప్ప ఏం లేదు.

మా బాపు కొడ్తడనుకున్న. కొట్టలే, పోయి గడప మీద కూసున్నడు. కొట్టినా బాగుండు. మా అమ్మ నన్ను లోపలికి తీసుకపోయి, ఒడిల కూసోబెట్టుకొని, నెత్తి నిమురుకుంట మెల్లగ అడిగింది. “నిజం చెప్పు బిడ్డా. భయమైతే పారబోసినవ్ గద? నిన్నేమనను.”

నేను పోయలేదన్న. ఆమె మళ్ల అదే అడిగింది, ఇంకింత ప్రేమగ. పోయలేదన్న. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అబద్ధం ఆడుతున్నదని కాదు, తన బిడ్డ తనకే చెప్పుకోలేకపోతున్నదని. ఆ మొఖం చూసి నా బుర్ర తిరిగింది. చేపలు పోతే బాగుండని నేను మనసుల అనుకున్న మాట నిజమే. అనుకున్న అంటే చేసినట్టేనా? నిద్రల లేసిపోయి పోసిన్నా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాదు, గుర్తుకు రాకపోవుడే దొంగతనం లెక్క అనిపించింది. ఎదల చప్పుడు మొదలైంది. అమ్మ ఏడుపు ఆగితే చాలనుకొని, నేనే పోసిన అన్న.

అమ్మ నన్ను గట్టిగ పట్టుకున్నది. మంచిగ చెప్పినవ్ అన్నది. బాపు లేసి వచ్చి నా బుగ్గ తట్టిండు. నాయనమ్మ, పిల్లకు ఎంత భయముండె పాపం అన్నది. అందరికీ మనసు తేలికైంది. నాకొక్కదానికే కాలేదు. చెయ్యని పనికి అందరూ మెచ్చుకుంటుంటే, నేను చేసిన్నో లేదో నాకే తెల్వకుండ నిలబడ్డ.

అక్క ఆ సమయాన నీళ్లకని వచ్చింది. సంగతి విన్నది. నన్ను తిట్టలే, బుజ్జగియ్యలే. యాడ పోసినవని అడిగింది, దారి అడిగినట్టు. మురికి నీళ్లు పోయే మోరీల అన్న. చెంబుతోనా చేతితోనా అన్నది. చెంబుతోని అన్న. చెంబుల పడ్డప్పుడు ఎట్ల కొట్టుకున్నయి అన్నది. నేను చెప్పలేకపోయిన. చెంబుల చేప కొట్టుకునుడు నేను ఎన్నడూ చూసిందాన్ని కాదు. అక్క నా మొఖంలోకి జరసేపు చూసింది. మా అమ్మ దిక్కు తిరిగి, “ఈ పిల్లకు ఏం తెల్వదు ఆంటీ. గోలెం ఒకసారి వంచుదాం” అన్నది.

మా బాపు పాత ధోతి ఒకటి పరిసి, గోలెంల నీళ్లు దాని మీద వడగట్టిన్రు. నాచు మిగిలింది. అక్క దాన్ని దువ్వెనతోని పేండ్లు చూసినట్టు పోగు పోగు ఇడదీసింది. అడుగున బురద రంగుల ఒక జీవి ఉన్నది, బొటనేలంత. బొద్దింకకూ సాలీడుకూ పుట్టినట్టు ఉండె. దొంగ ఇదే అన్నది అక్క. ఇంత చిన్నది చేపలను తిన్నదా అని నాయనమ్మ మూతి తిప్పింది. అక్క కడిగిన తొక్కు సీసల నీళ్లు పోసి దాన్ని ఏసింది. మోరీ పక్క మట్టి తవ్వి చిన్న ఎర్రను తెచ్చి, దారం కట్టి దాని ముందర వేలాడదీసింది. అందరం సీస చుట్టు మూగినం. అది రాయి లెక్క కదలకుండ ఉన్నది. ఎర్ర జర మెలిక తిరిగింది. ఏమైందో కండ్లకు ఆనలే. గడ్డం కింద మడిచి పెట్టుకున్న దవడ చెయ్యి లెక్క బయటికి పొడుసుకొచ్చి, ఎర్రను పట్టి నోట్లెకు తీసుకపోయింది. దారం తెగింది. మా నాయనమ్మ ఎనక్కి జరిగి కూసున్నది.

ఇది తూనీగ పిల్ల అని చెప్పింది అక్క. రెక్కలు వచ్చేదాక నీళ్లల్లనే బతుకుతది, అందినదల్ల తింటది, చిన్న చేపలను కూడ. నా దిక్కు చూసి, ఇది ఊపిరి ఎనకనుంచి పీలుస్తది తెలుసా అన్నది. ఆ దినం మొదటిసారి నేను నవ్విన. తర్వాత మళ్ల సీసలకు చూసిన. నేను కొట్లాడి ఇడిపించిన గాజు రెక్కలు, నా చేపలను మింగిన ఈ బురద పురుగు, రెండూ ఒకటేనా? పిల్లకు పోవాల్సిన మందు తిన్నదని నాయనమ్మ చెప్పు ఎత్తింది. అక్క సీస మీద చెయ్యి అడ్డం పెట్టింది. చంపమనాల్నో వద్దనాల్నో నా నోటికి రాలేదు. మా బాపు మాత్రం ఆ నాచు దిక్కే చూసుకుంట, దొంగ చేతికి తాళం ఇచ్చింది నేనే అన్నడు.

కార్తె దినం బాపు నన్ను భుజం మీద ఎక్కించుకొని లైన్ల నిలబడ్డడు. ఆడనే చేప కొన్నడు. మింగిన. నాలుకకు తగిలింది తెలుసు, తర్వాత ఏం తెల్వదు. నేను పెద్దగయినంక ఆయాసం తగ్గింది. చేపతోనా, మందు బిల్లలతోనా, ఈడుతోనా, నేను చెప్పలేను, చెప్పినోళ్లను నమ్మలేను. ఆ సీసల పురుగు వానలు పడ్డంక పుల్ల మీదికెక్కి, వీపు పగిలి, తడి రెక్కలతోని బయటికొచ్చింది. అక్క క్యాంపస్‌కు తీసుకపోయి ఇడిసింది. నేను చూడనీకి పోయిన. సంబురపడ్డనా అంటే పడ్డ, కోపమొచ్చిందా అంటే వచ్చింది.

కానీ ఆ పురుగు దొరికిన సాయంత్రం సంగతి వేరు. అందరూ ఎవరి పనుల వాళ్లు పడ్డంక, మా అమ్మ బియ్యం ఏరుకుంట నన్ను దగ్గరికి పిలిచింది. “మరి పోసిన అని ఎందుకన్నవే?” అని అడిగింది. ఆమె చాటల బియ్యం మీద చెయ్యి పెట్టి అట్లనే కూసున్నది. నేను నీకోసమే అన్న అని ఇప్పుడైతే చెప్పగల్గుదును. అప్పుడు నాకే తెల్వదు. ఆమెకు తెలిసిందేమో, తెలిసే అంతసేపు కూసున్నదేమో.

ఆ తర్వాత మా అమ్మ బతికినన్ని దినాలు నన్ను గాని, నా తమ్ముళ్లను గాని నిజం చెప్పమని అడగలే. ఏది పలిగినా, ఏది పోయినా, ఏమైందే అని అడిగేది, అడిగి ఊకునేది. నేను కూడ నా పిల్లలను అట్లనే అడిగిన, ఇప్పుడు మనుమలను అట్లనే అడుగుత. మొన్న చిన్న మనుమరాలు పలిగిన ఫోను పట్టుకొని, నేనే పలగ్గొట్టిన అని గడగడ చెప్పింది. చెప్పి నా మొఖంలోకి చూసింది, నేను మెచ్చుకుంటనా లేదా అని. నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు. పక్కన కూసోబెట్టుకొని, ఎట్ల పడ్డది బిడ్డా అని అడిగిన. చానసేపు తడబడింది. నేను లేవలే.