పక్కనుంచి అందించిన డైలాగు

మా ఆవిడ రాసిన బ్లాగు ఇప్పుడు లేదు. దాన్ని తీయించింది నేను. తీయించడానికి ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి, దాన్ని చివరిదాకా దాచిపెట్టి ప్రయోజనం లేదు.

మేం అమెరికాలో ప్లెయిన్స్‌బరోకి మారినప్పుడు నాది హెచ్-1, తనది హెచ్-4. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చేయకూడదు. పెళ్ళికి ముందు తను స్కూల్లో సైన్స్ చెప్పేది. కాలేజీ రోజుల నుంచీ రేడియో నాటకాల్లో వేషాలు వేసేది. ఇక్కడికొచ్చాక, పొద్దున్నే నేను కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతే, తనకి మిగిలేది మా అపార్ట్‌మెంట్లూ, వాటి చివర ఉన్న లాండ్రీ రూమూ. ఆ లాండ్రీ రూమ్‌లోనే ఒక థాయ్ ఆవిడ పరిచయమైంది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా బట్టలు ఆరేలోపు ఆవిడింట్లో కూర్చుని వాళ్ళ దేశం సీరియళ్ళు చూసేవాళ్ళు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడ వేళ్ళు మడిచి చెప్పేది. ఏడాది తిరక్కుండానే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం ఆ సీరియళ్ళని వదల్లేదు. ఎవరో అభిమానులు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసి ఇంటర్నెట్‌లో పెడుతుంటే వెతుక్కుని చూసేది.

ఒకటి రెండుసార్లు నేనూ పక్కన కూర్చున్నాను. చెంపదెబ్బలు, కేకలు, మెట్ల మీంచి దొర్లడాలు, మొదటి పెళ్ళాం, రెండో పెళ్ళాం.

"దీనికోసం అంత దూరం వెళ్ళాలా? మన చానళ్ళలో లేవూ ఈ ఏడుపులు?" అన్నాను.

"కేకలు వదిలేసి చూడండి" అంది. "ఆ రెండో ఆవిడ మొదటి ఎపిసోడ్‌లో ఎంత గట్టిగా అరిచిందో గుర్తుందా? వారం వారం గొంతు కొంచెం కొంచెం తగ్గిస్తోంది. ఇప్పుడు మెల్లగా మాట్లాడుతోంది. ఇప్పుడే భయమేస్తోంది."

నాకేమీ తేడా తెలియలేదు. లేచి వెళ్ళి మెయిల్ చూసుకున్నాను.

వినేవాడు లేక తను రాయడం మొదలుపెట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది. 2009లో తెలుగులో ఒక బ్లాగు తెరిచింది. థాయ్ సీరియళ్ళలో పాత్రలు ఎలా మారతాయి, ఏ నటి ఏ సన్నివేశంలో ఏం చేసింది, ఇవే రాసేది. అక్కడ సెట్‌లో నటులకి పక్కనుంచి ఒక మనిషి డైలాగులు అందిస్తాడని ఆ థాయ్ ఆవిడ చెప్పిందట. దాని మీదే ఒక పోస్టు రాసింది. మాట చెవిన పడడానికీ నోట్లోంచి రావడానికీ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుందని, చేతకాని నటుడు ఆ ఖాళీలో ఊరికే నిలబడతాడని, మంచి నటి ఆ ఖాళీలోనే ఆలోచిస్తుందని. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. బ్లాగుందని తెలుసు. చదవలేదు. చదివారా అని తనూ అడగలేదు.

ఆ మరుసటి ఏడాది ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. తలా ఒక వంటకం తెచ్చుకునే మామూలు పాట్‌లక్. నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఆఫీసులో నా పక్క సీటు స్నేహితుడి భార్య పళ్ళెంలో పులిహోర పెట్టుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, వదిన బ్లాగు చదువుతున్నారా లేదా?"

"నాకంత అదృష్టం ఎక్కడిదమ్మా? మా ఇంట్లో ముందు ఆ సీరియల్లో మొగుడికి అన్నం పెట్టి, మిగిలితే నాకు పెడుతుంది. మీ వదిన బ్యాంకాక్‌లో పీహెచ్‌డీ చేస్తోంది" అన్నాను.

అందరూ నవ్వారు. మా ఆవిడ గిన్నెలో గరిటె తిప్పుతోంది.

"మీరు నవ్వండి. మొన్న ఒక భర్త పాత్ర మీద రాసింది చూడండి, మా ఆయనకి చదివి వినిపించా. రెండ్రోజులు నోరెత్తలేదు" అందా అమ్మాయి.

"రెండ్రోజులు కాదు, ఒకటిన్నర" అన్నాడు నా స్నేహితుడు. "ఒరే, నువ్వు మాత్రం చదవకురా. ప్రశాంతంగా ఉన్నావు."

సోమవారం లంచ్ టైంలో, నా క్యూబికల్‌లో కూర్చుని చదివాను. రబ్బరు తోటల యజమాని పాత్ర గురించి రాసిన పోస్టు అది. ఆ మాటలు ఇప్పటికీ నాకు దాదాపు అలాగే గుర్తున్నాయి.

"ఇతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నటుడికి పని సులువయ్యేది. నలుగురు ఇంటికి రాగానే భార్య మీద ఒక జోకు వేస్తాడు. అందరూ నవ్వాక, ఆమె కూడా నవ్విందో లేదో ఓరగా చూసుకుంటాడు. ఆ చూపులో పశ్చాత్తాపం లేదు, లెక్క చూసుకోవడం ఉంది."

పోస్టు మా పాట్‌లక్‌కి రెండు వారాల ముందుది. అంటే శనివారం నేను వేసిన జోకు గురించి కాదు. కానీ అలాంటి జోకులు నేను పెళ్ళైనప్పటి నుంచీ వేస్తూనే ఉన్నాను. కింద ముప్పై దాకా కామెంట్లున్నాయి. "ఈ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు" అని ఎవరో రాశారు. దానికి మా ఆవిడ ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఆ నవ్వు బొమ్మ దగ్గర నా ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగేసినట్టు అనిపించింది. నలుగురిలో తనని నిలబెట్టింది నేనే అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పోట్లాడితే సరిపోయేది. చదివానని, కోపం వచ్చిందని చెబితే సరిపోయేది. అలా చెబితే ఆ భర్త నేనేనని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఇంకో దారి వెతుక్కున్నాను. అప్పుడు మా గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తోంది. మా వాళ్ళలో ఎవరికైనా దాని పేరు చెబితే చాలు, నోరు మూసుకుంటారు. ఎవరో ఏదో సంతకం తప్పు పెడితే ఫైలు వెనక్కి వచ్చిందని, ఇంకెవరో ఊరికే ఫ్రెండ్‌కి సాయం చేస్తే పని కింద లెక్కగట్టారని, ఏ ఇంట్లో కూర్చున్నా ఈ కథలే.

బుధవారం సాయంత్రం భోజనం దగ్గర అన్నాను. "లాయర్‌తో మాట్లాడాను. హెచ్-4 మీద ఉండి బ్లాగులు రాయడం రిస్కట. వర్క్ కింద తీసుకుంటారట. ఫైలుకి ఇబ్బంది."

"నేనేం డబ్బు తీసుకోవట్లేదుగా?"

"తీసుకోకపోయినా సరే."

"లాయర్ ఎప్పుడు చెప్పాడు?"

"మొన్న. ఫోన్లో."

లాయర్‌తో నేను మాట్లాడలేదు. ఆ నెలలో అసలు ఫోనే చేయలేదు.

తను నా వంక చూడలేదు. మూకుడు అడుగున అంటుకున్న బంగాళాదుంప వేపుడుని గరిటెతో గీకుతూ ఉంది. మూకుడు శుభ్రమైపోయింది. అయినా ఇంకాసేపు గీకింది. తర్వాత "సరే" అంది.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బ్లాగు లేదు. నలభై మూడు పోస్టులు. ఏ ఫైల్లోనూ దాచుకోలేదు. నేను "మంచి పని చేశావ్" అన్నాను. అన్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావట్లేదు, కానీ అన్నాను.

ఆ తర్వాత తను సీరియళ్ళు చూడడం కూడా మానేసింది. ఎందుకు మానేశావని నేనడగలేదు. లైబ్రరీ నుంచి కుట్లు అల్లికల పుస్తకాలు తెచ్చుకునేది. పాట్‌లక్‌లలో నేను జోకులు వేస్తే అందరికంటే ముందు తనే నవ్వేది. కొంచెం త్వరగా నవ్వేది. నాకు హాయిగానే ఉండేది. అయిదేళ్ళు అలా హాయిగా ఉన్నాను.

2015లో హెచ్-4 వాళ్ళు కూడా పని చేసుకోవచ్చని రూల్ మారింది. తనకి వర్క్ పర్మిట్ కార్డు వచ్చింది. ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరింది. ఆ శీతాకాలమే నా ప్రాజెక్టు అయిపోయి, ఇంకోటి దొరికేదాకా నేను ఇంట్లోనే బెంచ్ మీద ఉన్నాను. పొద్దున్నే తను కారు తీసుకుని వెళ్ళిపోయేది. నాకు మా అపార్ట్‌మెంట్లూ, లాండ్రీ రూమూ మిగిలాయి.

ఒక రోజు డ్రయర్‌లో బట్టలు వేసి వచ్చి, ఊరికే ఆ రబ్బరు తోటల సీరియల్ వెతికాను. దొరికింది, కానీ సబ్‌టైటిల్స్ లేవు. ఒక్క ముక్క అర్థం కాకుండా వారం రోజులు చూశాను. భాష తెలియకపోవడం వల్ల మొహాలు చూడక తప్పలేదు. తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ భర్త భోజనం దగ్గర కూర్చుని ఏదో చెబుతున్నాడు. చెప్పేది అబద్ధమని చూడగానే తెలుస్తోంది. మొదటి భార్య వేషం వేసిన నటి అతని వంక చూడదు. అన్నం గిన్నె మూతని సరిగ్గా పెడుతుంది. అది ముందే సరిగ్గా ఉంది. మళ్ళీ పెడుతుంది.

నేను కంప్యూటర్ ఆపేశాను.

సాయంత్రం తను వచ్చి లంచ్ బాక్స్ సింక్‌లో పెడుతుంటే చెప్పాను. "అప్పుడు బ్లాగు గురించి లాయర్ ఏమీ చెప్పలేదు. నేనే చెప్పాను."

"తెలుసు" అంది, కుళాయి విప్పుతూ.

"ఎప్పట్నుంచి?"

"అప్పుడే. పక్కనుంచి ఎవరో అందిస్తుంటే చెప్పినట్టు చెప్పారు. అయినా అనుమానంతో ఎందుకని మర్నాడు పొద్దున్న లాయర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. డబ్బు తీసుకోకుండా ఏం రాసుకున్నా పర్లేదమ్మా అంది అక్కడి అమ్మాయి."

"మరి ఎందుకు తీసేశావు?"

బాక్స్ కడగడం పూర్తి చేసింది. చేతులు తుడుచుకుంది.

"మీరు చదివారని అర్థమైంది కదా. మొదటి పోస్టు నుంచీ, ఎప్పుడో ఒకరోజు మీరు చదువుతారనే రాశాను. చదివారు. చదివి ఆ పని చేశారు. ఇంక రాయడానికేముంది?"

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టొచ్చు కదా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నా గొంతు నాకే నచ్చలేదు. "రేపు పొద్దున్నకి టెస్ట్ కేసులు పంపాలి" అని ల్యాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళింది.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకంలో, తను రాసినవాటిలో నాకు గుర్తున్నవి రాస్తున్నాను. నేను చదివింది ఆ ఒక్క పోస్టూ, ఆ మధ్యాహ్నం మిగిలిన లంచ్ టైంలో దాని కింద కనబడ్డ మరో మూడూ. నలభై మూడింటిలో నాలుగు. అవీ ముక్కలుముక్కలుగానే. మిగతా ముప్పై తొమ్మిదిలో ఏముందో అడిగే మొహం లేదు.

ఆ నాలుగింటిలో ఒకటి, చివరి ఎపిసోడ్ గురించి. అన్ని ఎపిసోడ్‌లు కష్టపెట్టిన భర్త ఆఖరి పావుగంటలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడిస్తే, దాన్ని పాత్రలో మార్పు అనకూడదని, మార్పుంటే ఏ ఆరో ఎపిసోడ్‌లోనో చిన్నగా కనబడి ఉండాలని. దాని కింద, తన వాక్యమే అనుకుని, "అతను భార్య ముందు ఏడ్చాడు" అని గుర్తున్నంతలో రాసుకున్నాను.

మొన్న ఆదివారం పుస్తకం డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయాను. తిరిగి వచ్చేసరికి తను నిలబడి ఆ పేజీ చదువుతోంది. నన్ను చూసి దాచలేదు.

"నేనిలా రాయలేదు" అంది. పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేసింది. పైన రాసింది: "ఏడవబోయి, ముందు కెమెరా ఎక్కడుందో చూసుకున్నాడు."

పుస్తకం నాకిచ్చి, ఉతికిన బట్టలు మడత పెట్టడానికి వెళ్ళింది. అయిదేళ్ళలో తను రాసిన వాక్యం అదొక్కటే. మిగతా పేజీలు తను తిరగేసి చూడలేదు.