దాలమ్మ చెరిపేసిన ‘ఫిట్’

రాయపూర్‌లో వ్యాగన్ల కర్మాగారం వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనక, తన మరమ్మతుల రేకుల షెడ్డు ముందు వీరేంద్ర జీపు ఆగగానే దాలమ్మ జీపుని చూడలేదు, దాని కింద నేలని చూసింది. వెనక ఇరుసు మధ్యలో ఉండే ఇనప గుండు, అదే డిఫరెన్షియల్, దాని ముక్కు దగ్గర్నుంచి నల్లటి ఆయిలు చుక్కలు చుక్కలుగా రాలుతోంది.

"మూడుసార్లు సీల్ మార్పించాను పిన్నీ. ఫిర్ వహీ కహానీ, మళ్లీ అదే కథ," అన్నాడు వీరేంద్ర.

"సీల్ ఏటి సేస్తాదిరా పాపం? లోపలున్నోడు ఊగిపోతుంటే తలుపు మారిస్తే ఆగుతాడా?"

గోనెపట్టా పరుచుకుని జీపు కింద దూరింది. గుండు ముక్కుకున్న పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపింది. టక్కు టక్కుమంది. లోపలి బేరింగు అరిగిపోయింది. ఆయిలు దించితే అందులో వెండి రజనులా ఇనప పొడి మెరిసింది.

వీరేంద్రకి శుక్రవారానికి జీపు కావాలి. నెలకోసారి కళ్లడాక్టర్లని మహానది అవతల అడవి ఊళ్లకి తీసుకెళ్లి, ఆపరేషన్ చెయ్యాల్సిన ముసలివాళ్లని రాయపూర్ తెస్తాడు. కిందటి నెల దారిలో జీపు నిలిచిపోయి శిబిరమే జరగలేదు.

"‘ఫిట్’ అని రాసిస్తావా పిన్నీ?"

"రాసిస్తాను."

ఆ రాత వెనక ఇరవై రెండేళ్లున్నాయి. భర్త సూర్యారావు పోయాక, ఆమె ముప్ఫై ఎనిమిదో ఏట, వ్యాగన్ల కర్మాగారంలో అతని బదులు ఉద్యోగం ఇచ్చారు. మొదట చీపురు చేతికిచ్చారు. ఆమె మాత్రం అన్నం గబగబా తినేసి, మిగిలిన విరామమంతా బేరింగుల విభాగంలో నిలబడి చూసేది. నాలుగేళ్లకి పానా చేతికొచ్చింది. అక్కడ పాడైన వ్యాగన్ మీద సుద్దతో ‘సిక్’ అని రాస్తారు, బాగయ్యాక ‘ఫిట్’ అని. దాలమ్మ పని చేసి ‘ఫిట్’ అనిపించిన వ్యాగన్ ఒక్కటీ ఆ పని కోసం వెనక్కి రాలేదు. రిటైరయ్యాక కూడా సుద్దముక్క రవిక దోపులోనే ఉండేది.

మంగళవారానికి కొత్త బేరింగులూ సీలూ వేసి, ఊపి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. జీపు వెనక తలుపు మీద ‘ఫిట్’ అని రాసింది.

బుధవారం మధ్యాహ్నానికల్లా జీపు వెనక్కొచ్చేసింది.

"నది దారిలో ఆరంగ్ ఊరి దాకా ఎళ్లి దిగి సూశాను పిన్నీ. గుండు మీద చెయ్యి పెడితే కాలిపోయింది. మాడు వాసన."

పక్కింటి దుర్గారావు ఆమెతోపాటు రిటైరైనవాడు. స్టూలు మీంచి కదలకుండానే అన్నాడు: "ఏటి వదినా, నీ ఫిట్టు కూడా తిరుగు టిక్కెట్టు తీసుకుందేటి!"

దాలమ్మ తడిగుడ్డ తెచ్చి, ఇద్దరూ చూస్తుండగానే తన రాత తనే తుడిచేసింది. గుండు చల్లారాక విప్పింది. కొత్త బేరింగు నీలంగా కమిలి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"నాదే తప్పురా," అంది. "వ్యాగన్లో ఆఖరి మర దాకా బిగించే చెయ్యి ఇది. ఇక్కడా అదే సేశాను. ఊగకూడదని ఊపిరాడకుండా బిగించేశాను."

బేరింగుల మధ్య పల్చటి ఇనప వలయాలుంటాయి. ఒకటి తీస్తే బిగువు పెరుగుతుంది, ఒకటి వేస్తే తగ్గుతుంది. ఊపు పూర్తిగా పోవాలని ఆమె ఎక్కువ తీసేసింది. ఎంత బిగువు సరైనదో చేతికి తెలియదని ఆమెకి అప్పటికి తెలిసింది.

గురువారం పొద్దున్నే వీరేంద్రని టాటీబంధ్‌లో విడిభాగాల దుకాణానికి పంపి మళ్లీ కొత్త బేరింగులు తెప్పించింది. పాత పేపర్లు కొనే మనిషి దగ్గర కొక్కెం కాంటా అడిగి తెచ్చింది.

"పేపర్లు తూస్తావా వదినా?"

"నవ్వింది చాల్లే దుర్గారావూ, ముల్లు సూడు."

ముందు తను చేసిన తప్పునే కొలవాలనుకుంది. కొత్త బేరింగులతో మంగళవారం నాటి వలయాలే వేసి, పళ్లేనికి తాడు చుట్టి, కొసని కాంటాకి తగిలించి, ఎన్ని కిలోల లాగుడుకి పళ్లెం తిరుగుతుందో చూడ్డానికి మెల్లగా లాగింది.

"పదమూడు కిలోలు," అన్నాడు దుర్గారావు. ఈసారి నవ్వలేదు.

జీపు తాలూకు హిందీ పుస్తకం లెక్కన అయిదు కిలోల దగ్గరే తిరగాలి. విప్పి, కాగితమంత మందమున్న వలయం ఒకటి వేసి, బిగించి లాగింది. తొమ్మిది. మళ్లీ విప్పింది. మూడున్నర. "ఇదీ కాదు." భుజం లాగేస్తున్నా మళ్లీ విప్పింది. దీపాలు పెట్టేవేళకి ముల్లు అయిదు మీద నిలిచింది.

శుక్రవారం వీరేంద్ర తలుపు చూపించాడు. "రాసెయ్ పిన్నీ."

"రాయను. నేనూ వస్తాను."

ఆరంగ్‌లో దిగి గుండు మీద అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. చెయ్యి తియ్యకుండా ఇరవై లెక్కపెట్టింది.

"ఇప్పుడైనా?"

"ఇంకా నది అవతల రాళ్లదారుంది. పద."

సాయంత్రం ఆపరేషన్ చెయ్యాల్సిన ముసలివాళ్లతో జీపు నిండగా తిరిగొస్తూ మళ్లీ ఆరంగ్‌లో ఆపించింది. చీర చెంగు దోపుకుని కిందికి దూరింది. గుండు ముక్కు నిండా ఎర్రటి దుమ్ము పొడిపొడిగా అంటుకుని ఉంది. ఆయిలు తడి లేదు. అరచెయ్యి ఆనించి మళ్లీ ఇరవై లెక్కపెట్టింది.

జీపులో కూర్చున్న ముసలావిడ కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈమె తలుపు మీద ఏం గీస్తోందని ఛత్తీస్‌గఢీలో పక్కనున్న శిబిరం నర్సుని అడిగింది.

దాలమ్మ రాయడం పూర్తిచేసి సుద్దముక్క మళ్లీ దోపుకుంది.